టికెట్ నంబర్ ఏది? జపాన్ ప్రయాణం చెడగొట్టిన ఏజెంటు నుంచి డబ్బు రాబట్టడం ఎలా

ప్రశ్న: మాది తిరుపతి. మా అమ్మాయి డిగ్రీ చదువుతూనే రెండేళ్లు జపనీస్ నేర్చుకుంది, జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్4 స్థాయి పాసైంది. టోక్యోలో 2024 జూలై 1న మొదలయ్యే ఆరు వారాల వేసవి కోర్సులో సీటు వచ్చింది. తనతో పాటు ఇంకో ముగ్గురు పిల్లలు. నలుగురికీ ఒకే ట్రావెల్ ఏజెంటు, చెన్నైలో హెడ్డాఫీసు, ఇక్కడ బైరాగిపట్టెడలో బ్రాంచి. చెన్నై నుంచి కౌలాలంపూర్ మీదుగా టోక్యో నరితా ఎయిర్‌పోర్టుకు రానూపోనూ టికెట్లు, వీసా పని, అక్కడ ఎయిర్‌పోర్టు పికప్ అన్నీ కలిపి ఒక్కొక్కరికి రూ.1,86,000 అన్నాడు. ఏప్రిల్‌లోనే కట్టేశాం. జూన్ 28న ఫ్లైటు. 26న ఫోన్ చేసి టికెట్లు రద్దయ్యాయన్నాడు. ఇద్దరు పిల్లలు ఎలాగో సొంతంగా టికెట్లు కొనుక్కుని వెళ్లారు, మాకు ఆ స్తోమత లేదు. నా భార్య నగలు ఇప్పటికీ తాకట్టులోనే ఉన్నాయి. అమ్మాయి ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. అక్టోబర్‌లో రూ.20,000 ఇచ్చాడు, ఆ తర్వాత ఇదిగో అదిగో. ఇప్పుడేమో వీసా ఆలస్యం వల్ల ఇదంతా జరిగింది, అవి నాన్ రిఫండబుల్ టికెట్లు, మెడికల్ సర్టిఫికెట్ ఒకటి తెస్తే ఎయిర్‌లైన్స్ నుంచి కొంత ఇప్పిస్తానంటున్నాడు. మా బావమరిది పోలీసు కేసు పెట్టేద్దాం అంటున్నాడు. ఏం చేయాలి సార్?

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం అమ్మాయి బాధ, నగల సంగతి, ఏజెంటు ఎంత తియ్యగా మాట్లాడాడో ఆ సంగతి. అవన్నీ నిజమే, కానీ కేసు వాటి మీద నడవదు. నేను ముందు మీరు జత చేసిన కాగితాలు చూశాను. వాటిలో మీరు "టికెట్" అని పేరు పెట్టి పంపిన పేజీ దగ్గరే మీ కేసు మొత్తం తేలుతుంది.

ఆ పేజీలో అమ్మాయి పేరుంది, ఫ్లైటు నంబర్లున్నాయి, ఆరు అక్షరాల పీఎన్ఆర్ ఉంది. టికెట్ నంబర్ లేదు. విమాన టికెట్ అసలంటూ జారీ అయితే దానికి 13 అంకెల నంబర్ ఉంటుంది, మొదటి మూడు అంకెలు ఆ ఎయిర్‌లైన్స్ కోడ్. పీఎన్ఆర్ అంటే సీటు పట్టి ఉంచారని మాత్రమే. ఎయిర్‌లైన్స్ పెట్టిన గడువులోగా డబ్బు కట్టి టికెట్ జారీ చేయించకపోతే ఆ సీటు దానంతటదే పోతుంది. వీసా దరఖాస్తుతో పాటు ప్రయాణ వివరాలు పెట్టాలి కాబట్టి ఏజెంట్లు ఇలా సీటు పట్టి ఆ కాగితం ఇవ్వడం మామూలే, అందులో తప్పేం లేదు. వీసా వచ్చాక కూడా టికెట్ తీయకపోతేనే తప్పు. మీ ఏజెంటు చేసింది అదేనని ఆ కాగితం చూస్తే నాకు గట్టిగా అనిపిస్తోంది.

దీని వల్ల ఏమవుతుందో చూడండి. టికెట్టే జారీ కాకపోతే "నాన్ రిఫండబుల్" అన్న వాదనకు కాళ్లే లేవు. కొనని టికెట్‌కు రిఫండ్ రూల్స్ ఎక్కడివి? మీ డబ్బు ఎయిర్‌లైన్స్‌కు వెళ్లనే లేదు, ఆయన దగ్గరే ఉంది. వీసా ఆలస్యం అన్నది కూడా నిలబడదు, ఎందుకంటే మీ అమ్మాయి పాస్‌పోర్టులో జపాన్ వీసా స్టిక్కర్ మీద జారీ తేదీ 2024 జూన్ 10 అని స్పష్టంగా ఉంది. ఫ్లైటుకు ఇంకా 18 రోజులున్నాయి. ఆ రోజుల్లో ఆయన ఏం చేశాడన్నదే ప్రశ్న, జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే.

ఒకవేళ టికెట్ నిజంగానే జారీ చేశానని ఆయన నంబర్ చూపిస్తే? అప్పుడూ మీకు దారి ఉంది. ఏజెంటు ద్వారా కొన్న టికెట్‌కైనా రిఫండ్ బాధ్యత ఎయిర్‌లైన్స్‌దేనని, నాన్ రిఫండబుల్ అయినా ప్రయాణం చేయకపోతే పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగివ్వాల్సిందేనని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనలున్నాయి. విదేశీ ఎయిర్‌లైన్స్ అయితే రిఫండ్ వాళ్ల దేశపు నిబంధనల ప్రకారం నడుస్తుంది, అది వేరుగా చూసుకోవాలి. అలాంటప్పుడు వినియోగదారుల కమిషన్‌లో మీరు వేసే ఫిర్యాదులో ఎయిర్‌లైన్స్‌ను కూడా రెండో ప్రతివాదిగా చేర్చాలి. అందుకే ముందు ఆ నంబర్ సంగతి తేల్చుకోవాలి. మీ అమ్మాయి తన మెయిల్ నుంచే ఎయిర్‌లైన్స్‌కు రాయాలి, ప్రయాణికురాలు కాకపోతే వాళ్లు వివరాలు చెప్పరు. ఈ పీఎన్ఆర్ మీద టికెట్ జారీ అయిందా, అయితే నంబర్ ఎంత, రద్దు చేసింది ఎవరు, రిఫండ్ వెళ్లి ఉంటే ఎవరి ఖాతాకు వెళ్లింది, ఇంతే అడగండి. పాత పీఎన్ఆర్ కదా, వివరాలు దొరకలేదని జవాబు రావచ్చు. వచ్చినా ఆ మెయిల్ దాచుకోండి. కమిషన్ ముందు ఏజెంటునే టికెట్ నంబర్ చూపమని అడగొచ్చు, కాగితాలు తెప్పించే అధికారం కమిషన్‌కు ఉంది.

ఇక మెడికల్ సర్టిఫికెట్. దయచేసి ఆ పని కలలో కూడా చేయకండి. అది దొంగ కాగితం, నేరం, అది ఒక ఎత్తు. అంతకంటే ముందు మీ కేసును మీరే చేతులారా చంపుకున్నట్టు అవుతుంది. మీ వాదన ఏమిటి? అమ్మాయి వెళ్లడానికి సిద్ధంగా ఉంది, వీసా ఉంది, టికెట్ లేక వెళ్లలేదు. సర్టిఫికెట్ ఏం చెబుతుంది? అమ్మాయికి ఒంట్లో బాగాలేక వెళ్లలేదు. ఆ ఒక్క కాగితం మీ సంతకంతో ఆయన చేతికి వెళ్తే, రేపు కమిషన్‌లో ఆయన లాయరు దాన్నే ముందు పెడతాడు, ప్రయాణం మానుకున్నది వాళ్లే అంటాడు. ఆయన ఇంత కాలం తర్వాత ఇప్పుడే ఈ సలహా ఎందుకిస్తున్నాడో ఆలోచించండి. "స్వచ్ఛందంగా రద్దు చేసుకుంటున్నాం" అని ఏదైనా ఫారం మీద సంతకం అడిగినా పెట్టకండి, రూ.30,000 చేతిలో పెట్టి "పూర్తిగా ముట్టింది" అని రాయించుకోవాలని చూసినా ఒప్పుకోకండి.

పోలీసు కేసు గురించి. ఈ వ్యవహారం 2024 జూన్ నాటిది, కొత్త భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది 2024 జూలై 1న, కాబట్టి పెట్టినా పాత ఐపీసీ 420 (మోసం), 406 (నమ్మకద్రోహం) సెక్షన్ల కిందే పెట్టాలి. 420 నిలబడాలంటే డబ్బు తీసుకున్న రోజే మోసం చేయాలన్న ఉద్దేశం ఉందని చూపాలి. ఇక్కడ ఆయన వీసా పని చేశాడు, సీట్లు పట్టాడు, రూ.20,000 వెనక్కి ఇచ్చాడు. అవన్నీ ఆయన పక్షాన మాట్లాడతాయి. డబ్బు వసూలుకు క్రిమినల్ కేసును వాడుకోవద్దని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. నలుగురి డబ్బూ ఇలాగే పోయింది కాబట్టి ఫిర్యాదు ఇవ్వకూడదని నేను అనను, ఇవ్వండి, కానీ దాన్ని నమ్ముకుని అసలు పని వాయిదా వేయకండి. స్టేషన్ చుట్టూ తిరుగుతుంటే అవతల గడువు అయిపోతుంది.

ఆ గడువే ఇప్పుడు నాకున్న పెద్ద టెన్షన్. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం కేసుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. ఆయన ఫోన్ చేసింది 2024 జూన్ 26. అంటే 2026 జూన్ 26 మీ చివరి రోజు అనుకోండి. ఫ్లైటు తేదీ 28 కదా, రెండు రోజులు కలిసొస్తాయి కదా అని లెక్క వేయకండి, ఇలాంటి చోట ఎప్పుడూ ముందు తేదీనే పట్టుకోవాలి. మీరు రాసింది ఏప్రిల్ నెలాఖరులో. రెండేళ్లు చేతిలో ఉంటే ఇరవై రెండు నెలలు ఏజెంటు మాటలు వింటూ కూర్చున్నారు! చదువుకున్నవాళ్లు, పాస్‌పోర్టు ఆఫీసులు, వీసా ఆఫీసులు తిరిగినవాళ్లు, ఒక్కసారైనా రాతపూర్వకంగా డబ్బు అడగలేదు. కోపంగా అంటున్నానని అనుకోకండి, ఇంకో రెండు నెలలు ఇలాగే ఉండి ఉంటే నేను కూడా ఏమీ చేయలేకపోయేవాణ్ణి.

ఆయన "ఇస్తాను ఇస్తాను" అన్నంత మాత్రాన గడువు పెరగదు. లీగల్ నోటీసు పంపినా పెరగదు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేసినా పెరగదు. గడువులోపు అవతలివాడు బాకీ ఉన్నానని రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఆ రోజు నుంచి కొత్తగా లెక్క మొదలవుతుందని లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ చెబుతుంది. మీ దగ్గర 2025 జనవరిలో ఆయన పంపిన వాట్సాప్ మెసేజ్ ఉంది, "మీ డబ్బు ఉగాదిలోపు సర్దుతాను" అని. అది వాదనకు పనికొస్తుంది. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలు కూడా చట్టంలో ఉంది. కానీ ఈ రెండూ గడువు దాటిపోయినవాళ్లు చివరి ఆశగా పట్టుకునేవి. మీకు ఇంకా రోజులున్నాయి కాబట్టి ఆ అవసరం రానివ్వకండి.

ఆ మెసేజ్ అసలు విలువ ఇంకోచోట ఉంది. అందులో ఎయిర్‌లైన్స్ డబ్బు పట్టుకుందని గానీ, నాన్ రిఫండబుల్ అని గానీ ఒక్క మాట లేదు. "మీ డబ్బు" అన్నాడు, "సర్దుతాను" అన్నాడు. నాన్ రిఫండబుల్ అన్న మాట ఆ తర్వాత కల్పించినదని చెప్పడానికి ఇంతకంటే మంచి కాగితం ఉండదు.

డబ్బు సాక్ష్యం దగ్గర మాత్రం మీరు చాలా అజాగ్రత్తగా ఉన్నారు. రూ.1,10,000 సంస్థ ఖాతాకు వెళ్లింది, సరే. రూ.40,000 బ్రాంచిలో పనిచేసే అబ్బాయి సొంత నంబరుకు ఫోన్‌పే ఎందుకు చేశారు? రూ.36,000 నగదు ఇచ్చి రసీదు ఎందుకు తీసుకోలేదు? "తెలిసిన మనిషి కదా" అని రాశారు. రేపు ఆ రూ.36,000 గురించి ఆయన తెల్లముఖం వేస్తే మీ దగ్గర ఏముంది? ఇప్పుడు చేయగలిగింది చెబుతాను. ఆ రోజు బ్యాంకు నుంచి తీసిన నగదు ఎంట్రీ, నగలు తాకట్టు పెట్టిన చీటీ మీద తేదీ, "క్యాష్ అందింది అంకుల్" లాంటి మెసేజ్ ఏదైనా ఉంటే అది, ఇవి కలిపితే ఒక వరస కనిపిస్తుంది. మొత్తం రూ.1,86,000 అని కోట్ చేసిన ఆయన మెసేజ్ ఉంది కాబట్టి, మిగతా ముగ్గురు తల్లిదండ్రులూ తామూ అంతే కట్టామని అఫిడవిట్ ఇస్తే బలం వస్తుంది. ఇంకొకటి: దీన్ని విదేశీ టూర్ ప్యాకేజీగా బిల్లు చేసి ఉంటే ఆయన మీ దగ్గర 5 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను) వసూలు చేసి మీ పాన్ మీద జమ చేసి ఉండాలి. ఆదాయపు పన్ను సైటులో 2024-25 ఆర్థిక సంవత్సరం ఫారం 26ఏఎస్ తీసి చూడండి. అందులో ఆయన సంస్థ పేరు కనిపిస్తే, ఎంత డబ్బు అందిందో ఆయనే ప్రభుత్వానికి చెప్పినట్టు.

కోర్సు ఫీజు కూడా రాబట్టొచ్చా అని అడిగారు. రాబట్టొచ్చు, కానీ కోర్సు జూలై 1న మొదలవుతుందని ఏజెంటుకు ముందే తెలుసని చూపాలి. అడ్మిషన్ లెటర్ ఆయనకు వాట్సాప్‌లో పంపారు కదా, అది చాలు. ఫీజు పంపిన బ్యాంకు కాగితం, తిరిగి ఇవ్వబోమని ఆ విద్యాసంస్థ రాసిన మెయిల్ జత చేయండి. ఆ మెయిల్ లేకపోతే ఇప్పుడైనా అడిగి తెప్పించుకోండి. "వేరే టికెట్ కొనుక్కుని వెళ్లొచ్చు కదా, మిగతా ఇద్దరు వెళ్లారుగా" అని అవతలి లాయరు తప్పకుండా అడుగుతాడు. ఆ ఇద్దరి టికెట్ బిల్లులు తీసుకోండి, చివరి నిమిషంలో ధర ఎంత ఉందో అవే చెబుతాయి. రెండు రోజుల్లో అంత డబ్బు మీరెందుకు తేలేకపోయారో అఫిడవిట్‌లో ఉన్నదున్నట్టు రాయండి. నగల సంగతి చెప్పాల్సింది అక్కడ.

కమిషన్ తిరుపతిలోనే ఉంది, చెన్నై వెళ్లక్కర్లేదు. బుకింగ్ ఫారం అడుగున "చెన్నై కోర్టుల పరిధికి మాత్రమే" అని అచ్చేసి ఉందని భయపడ్డారు. 2019 చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే వేసుకోవచ్చు, పైగా ఆయనకు ఇక్కడ బ్రాంచి కూడా ఉంది. కట్టిన సొమ్ము రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఇ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో వేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు, అయినా గడువు దగ్గర పడింది కాబట్టి మీ ఊళ్లో ఒకరికి చూపించి వేయడం మంచిది. నోటీసు రేపే పంపండి, హెడ్డాఫీసుకూ బ్రాంచికీ విడివిడిగా, స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువుతో. 15 రోజుల గడువు ఇవ్వండి, టికెట్ నంబర్ చెప్పమని, లేకపోతే అందిన రూ.20,000 మినహాయించి మిగతా రూ.1,66,000 వడ్డీతో ఇవ్వమని. జవాబు వచ్చినా రాకపోయినా మే నెలలోనే ఫిర్యాదు పడాలి. ప్రతివాది కమిషన్ పంపే నోటీసు అందిన 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు వేయాలి, అంతకు మించి పొడిగించే అధికారం కమిషన్‌కు లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

మీ పేరు మీదా, అమ్మాయి పేరు మీదా అంటే, ఇద్దరి పేర్ల మీదా వేయండి. డబ్బు కట్టింది మీరు, సేవ పొందాల్సింది ఆమె. మిగతా కుటుంబాలతో కలిసి ఒకే ఫిర్యాదు వేయాలన్న ఆలోచన మానుకోండి. ఎవరు ఎంత కట్టారు, ఎవరు వెళ్లారు, ఎవరు వెళ్లలేదు అన్నీ వేరు వేరు. ఎవరిది వాళ్లు వేసి, ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకోండి.

చివరగా, ఆ చాట్లన్నీ మీ భార్య పాత ఫోన్లో ఉన్నాయని, దాన్ని ఎక్స్ఛేంజిలో ఇచ్చి కొత్తది తీసుకోబోతున్నామని రాశారు. ఇవ్వకండి. స్క్రీన్‌షాట్లు ఒక్కటే పెడితే అవి కల్పించినవని అవతలి పక్షం అంటుంది, అప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాల్సి వస్తుంది, ఆ సర్టిఫికెట్‌లో ఏ ఫోన్ నుంచి తీశారో రాయాలి. ఈ రోజే మొత్తం చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కు పంపుకోండి, ఫోన్ బీరువాలో పెట్టండి, కేసు తేలేదాకా అందులో నుంచి ఒక్క మెసేజ్ కూడా తీసేయకండి.