మీ ప్రశ్నలు – మా జవాబులు: చీపురు మానేశాక మిషను మొరాయిస్తే

ప్రశ్న: సన్నగా, తేలిగ్గా ఉందని నాలుగు నెలల కిందట కార్డ్‌లెస్ వాక్యూమ్ క్లీనర్ తీసుకున్నాం. ఇంట్లో అన్నీ టైల్సే. మొదట్లో బియ్యపు గింజ కూడా వదిలేది కాదు. ఇప్పుడు దుమ్ము లాగడం తగ్గింది, పైగా ఆగి ఆగి మోగుతోంది. వాకిట్లో ఎండిన ముగ్గు కూడా దీంతోనే తీస్తున్నాం. మోటారు పోయిందంటారా? – ఓ గృహిణి, గుంటూరు

జవాబు: మోటారు మీద అనుమానం చివర పెట్టుకోండి, ముందు ముగ్గు సంగతి చూద్దాం. దుమ్ము చేరే డబ్బాలో గాలి సుడి తిరిగేటప్పుడు ఇసుక, గింజలు, వెంట్రుకలు అంచుకు కొట్టుకుని కింద పడతాయి. ముగ్గు పొడి అలా పడదు. గాలితోపాటే పోయి ఫిల్టర్ మడతల్లో కూరుకుంటుంది. గోడకు పుట్టీ రుద్దగా రాలిన పొడి, మైదా, సిమెంటు కూడా ఇదే బాపతు. గాలికి దారి మూసుకుపోతే మిషను తనను తాను కాపాడుకోవడానికి ఆగి ఆగి నడుస్తుంది.

అడ్డం ఎక్కడుందో రెండు నిమిషాల్లో తేలుతుంది. మిషను ఆపి, నేలను తాకే బ్రష్ తల ఊడదీయండి. మళ్లీ ఆన్ చేసి గొట్టం చివర అరచెయ్యి ఆనించండి. చెయ్యి గట్టిగా అతుక్కుంటే అడ్డం తలలో ఉన్నట్టు. అతుక్కోకపోతే ఆపి గొట్టం కూడా తీసేసి, మిషను నోటి దగ్గర చూడండి. అక్కడ పట్టు ఉంటే గొట్టంలో ఏ కాగితం ముక్కో, కొబ్బరి పీచో ఇరుక్కుంది. అక్కడా లేకపోతే ఫిల్టరే.

ఫిల్టర్‌ను ముందు పాత పేపరు మీద తట్టి పొడి రాల్చండి. ఆ తర్వాతే నీళ్లు. రాల్చకుండా తడిపితే ముగ్గు ముద్దయి మడతల్లో అతుక్కుంటుంది. సబ్బు వద్దు, వేడినీళ్లు వద్దు; కుళాయి కింద నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, విదిలించి, నీడలో 24 గంటలు ఆరనివ్వండి. వానాకాలమైతే 48. పైన పొడిగా అనిపించినా లోపల చెమ్మ ఉంటుంది; తొందరపడి పెడితే మురుగు వాసన వస్తుంది, తడి మోటారుదాకా పోతుంది. అందుకే రెండో ఫిల్టర్ కొనిపెట్టుకుని మార్చి మార్చి వాడటం మేలు. కడగకూడదని మాన్యువల్‌లో రాసి ఉంటే తట్టి వాడండి, జీవం అయిపోయాక మార్చేయండి. డబ్బాలోని జాలీకి పాత టూత్‌బ్రష్ చాలు. ఫిల్టర్ ఆరేలోగా అది లేకుండా మాత్రం నడపకండి.

ఇక ముగ్గుకి చీపురే. దానికి ఫిల్టర్ లేదు!

ప్రశ్న: పెట్టె మీద 40 నిమిషాలని ఉంది. మాకు 10 నిమిషాలకే ఆగిపోతోంది. బ్యాటరీ లోపమా? – ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఏ మోడ్‌లో నడుపుతున్నారు? పెట్టె మీద రాసేది అన్నిటికన్నా తక్కువ వేగానికి లెక్క. ఉదాహరణకు 25.2 వోల్టుల, 2.5 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ప్యాక్‌లో, ఆ రెండూ గుణిస్తే, 63 వాట్ అవర్లుంటాయి. మిషను 100 వాట్లు తింటే 38 నిమిషాలకు దగ్గరగా వస్తుంది. మాక్స్‌లో 400 వాట్లు తింటే తొమ్మిదిన్నరే. టైల్స్ మీద దుమ్ముకి మాక్స్ దండగ. సోఫా మూలకో, గుమ్మం పట్టాకో అర నిమిషం వాడండి చాలు. తక్కువ మోడ్‌లోనూ పదికే ఆగితే అప్పుడు ప్యాక్‌ను అనుమానించండి.

పని కాగానే వేడి మీదున్న ప్యాక్‌ను చార్జింగ్‌కి పెట్టొద్దు. అరగంట చల్లారనివ్వండి. ఎండ పడే బాల్కనీ గోడకు చార్జింగ్ స్టాండు బిగించడం మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు. నెలపాటు ఊరెళ్తే సగం చార్జింగ్‌తో చల్లటి గదిలో వదిలేయండి.

ప్రశ్న: బ్రష్ తిరగడం ఆగి ఎర్ర లైటు వెలుగుతోంది. – విశాఖపట్నం

జవాబు: పొడవాటి జుట్టు. రోలర్‌ను, అంటే ఆ తిరిగే బ్రష్‌ను, పక్కనున్న తాళం తిప్పి బయటికి లాగండి. మధ్యలో చుట్టుకున్నది కనిపిస్తుంది, కత్తెర పొడవునా పోనిచ్చి కత్తిరిస్తే ఊడొస్తుంది. అసలు పని ఆపేది రెండు చివర్ల మూతల కింద దారపు ఉండలా బిగుసుకున్న జుట్టు. దాన్ని పట్కారుతో లాగండి. పనిలో పనిగా ఇంకో మాట: మీ రోలర్‌కు గట్టి కుచ్చులే ఉంటే అది కార్పెట్ కోసం. నున్నటి నేల మీద గింజల్ని వెనక్కి విసురుతుంది. మెత్తటి గుడ్డ రోలర్ విడిగా దొరుకుతుందేమో అడగండి.

ప్రశ్న: పాలరాయి మీద గీతలు పడతాయా? – నిజామాబాద్

జవాబు: రోలర్ వల్ల కాదు, చక్రానికి అంటిన ఇసుక వల్ల పడతాయి. కాఠిన్యాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ స్కేలు మీద ఇసుక 7, పాలరాయి 3. తాండూరు బండలూ అంతే మెత్తన. గ్రానైట్‌కు భయం తక్కువ. వారానికోసారి తల తిరగేసి చక్రాలు తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక వాడండి. మాపు పెట్టేది వాక్యూమ్ అయ్యాకే. తడి నేల మీద లాగితే దుమ్ము గొట్టంలో బురదవుతుంది.