క్యూలో నోరు మెదపని రోజు

రకరకాల జాతుల వాళ్ల మధ్య పెరిగితే వివక్ష పోతుందా, కళ్లెదుట జరిగితే మీరు అడ్డుపడ్డారా అని అడిగారు. కలిసి పెరిగినంత మాత్రాన పోదండీ. నాకు పోలేదు.

మాది తిరుపతి. గాంధీ రోడ్డులో నాన్నకు చిన్న ఫ్యాన్సీ షాపు ఉండేది. కొండకు వచ్చేవాళ్లే మా గిరాకీ. పదేళ్లకే తమిళం, కన్నడం, హిందీలో ధరలు చెప్పేదాన్ని. మాకు అందరూ ఒకటే అని గట్టిగా నమ్మేదాన్ని. కానీ భాష వేరైతే పట్టించుకోని మా వీధే, ముఖం వేరైతే పట్టించుకునేది. రాత్రంతా విజిల్ ఊదుతూ, కర్ర నేలకేసి కొడుతూ తిరిగే నేపాలీ మనిషికి మా దగ్గర పేరే లేదు, ఉత్త గూర్ఖా. నెల మొదట్లో ఆయన గేటు దగ్గరికొస్తే పదో ఇరవయ్యో చేతికివ్వకుండా గోడ మీద పెట్టేవాళ్లం. అన్నం తినకపోతే గూర్ఖాకు పట్టిస్తానని అమ్మ బెదిరించేది. మా ఇళ్లకు కాపలా కాసిన మనిషి మాకు బూచోడయ్యాడు.

2020 లాక్‌డౌన్‌లో, సరుకుల షాపు ముందు సున్నంతో గీసిన గళ్లలో నిలబడ్డాం. నాకు రెండు గళ్ల ముందు, మా వీధి పార్లర్‌లో పనిచేసే మిజోరం అమ్మాయి ఉంది. "ఏయ్ కరోనా, పక్కకు పో" అన్నాడు ఒకాయన. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ అమ్మాయికి తెలుగు రాదు, ఆ ఒక్క మాట మాత్రం అర్థమైంది. ఖాళీ సంచిని మడిచి, మళ్లీ మడిచి, గుప్పిట్లో పట్టుకుని వెళ్లిపోయింది. నేను నోరు మెదపలేదు.

ఈశాన్య రాష్ట్రాల వాళ్లను ఇలా అవమానిస్తున్నారని ఆ మార్చిలోనే కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు లేఖ రాసిందని తర్వాత చదివాను. 2014లో ఢిల్లీలో నిడో తానియా అనే అరుణాచల్ కుర్రాడి జుట్టు చూసి షాపులో ఎగతాళి చేశారు. గొడవై కొట్టారు, మర్నాడు చనిపోయాడు. అదీ ఎగతాళితోనే మొదలైంది. జాతి పేరు చెప్పి ఎవరినీ దుకాణంలోకి రాకుండా ఆపకూడదని రాజ్యాంగం 15వ అధికరణంలో ఉంది. మా క్యూలో జరిగింది అలాంటిదే కదా!

తర్వాతి ఏడాది మా అపార్ట్‌మెంట్ మీటింగులో "ఈశాన్యం వాళ్లకు ఇళ్లు ఇవ్వొద్దు, వంట వాసన పడదు" అన్నారు. లేచాను. చేతులు వణికాయి. "ఏందన్నా, ఎండుచేపలు మనం వండుకోమా? మీకు పడనిది వాసన కాదు, వాళ్ల ముఖాలు" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తీర్మానం రాయలేదు. ఒకావిడ మాత్రం ఇప్పటికీ లిఫ్టులో నన్ను పలకరించదు.

మీ ఎదుట జరిగితే ఉపన్యాసం అక్కర్లేదు. ముందు వెళ్లి ఆ మనిషి పక్కన నిలబడండి. ఆ రోజు నేను రెండు గళ్లు దాటి ఉంటే చాలు. ఆ అమ్మాయికి క్షమాపణ చెబుదామని లాక్‌డౌన్ సడలించాక పార్లర్‌కు వెళ్లాను. ఊరికి వెళ్లిపోయిందన్నారు. పేరు కూడా అప్పుడే తెలిసింది నాకు.