పిల్లల ఫోన్లు, పెద్దల సందేహాలు

ఈ నెల అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి: ఎదిగే పిల్లలు, వారి చేతిలోని ఫోను, దాని వల్ల ఇంట్లో పెరుగుతున్న మౌనం. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. ఉత్తరాలను కుదించాను. రాసినవారిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్లు. రెండేళ్ల క్రితం వరకు బడి నుంచి వచ్చీ రాగానే నా వెనకాలే తిరుగుతూ అన్నీ చెప్పేది. ఇప్పుడు తలుపు వేసుకుని ఫోనుతో కూర్చుంటోంది. అడిగితే ‘ఏం లేదమ్మా’ అంటుంది. తను నిద్రపోయాక ఆ ఫోను తెరిచి సందేశాలు చదువుతున్నాను. ఇప్పటివరకు తప్పేమీ కనిపించలేదు. అయినా మానలేకపోతున్నాను. నేను చేస్తున్నది తప్పా? (ఒక తల్లి)

జవాబు: మీ ఉత్తరంలో రెండు విషయాలు కలిసిపోయాయి. అమ్మాయి మీకు కొంత దూరం జరగడం ఒకటి, ఆమె చేతికి ఫోను రావడం మరొకటి. రెండూ ఒకే కాలంలో జరిగాయి కాబట్టి రెండోదే మొదటిదానికి కారణమని అనిపించడం సహజం. అయితే పిల్లల చేతికి స్మార్ట్‌ఫోన్లు ఇంకా రాని రోజుల్లో, 1996లో, అమెరికాలో రీడ్ లార్సన్ బృందం ప్రచురించిన ఒక పరిశోధనను మీరు తెలుసుకోవాలి. 5వ తరగతి నుంచి 12వ తరగతి వరకు చదువుతున్న 220 మంది పిల్లలు తాము ఏ క్షణాన ఎవరితో ఉన్నారో, ఏం చేస్తున్నారో, మనసెలా ఉందో అప్పటికప్పుడు రాసేలా ఏర్పాటు చేసి, 16 వేలకు పైగా అలాంటి క్షణాలను వారు సేకరించారు. మెలకువగా ఉన్న సమయంలో కుటుంబంతో గడిపే వాటా ఆ వయసుల మధ్య 35 శాతం నుంచి 14 శాతానికి పడిపోయింది. అందుకు కారణం ఇంటి గొడవలు కావని, బయటి ప్రపంచం పిల్లలను తనవైపు లాగడమేనని వారు తేల్చారు. అదే పరిశోధనలో తల్లిదండ్రులకు ఊరటనిచ్చే సంగతి మరొకటి ఉంది. అందరితో కలిసి ఉండే సమయం తగ్గినా, తల్లితోనో తండ్రితోనో విడిగా గడిపే సమయం, వారితో మాట్లాడే సమయం వయసుతోపాటు తగ్గలేదు. అంటే మీ అమ్మాయి మూసిన తలుపు మీ ఒక్కరి కోసం మూసినది కాదు. మీరిద్దరే ఉండే కాసేపు సమయం ఇప్పటికీ మీ చేతిలో ఉంది.

ఇక రాత్రిపూట ఫోను చదవడం గురించి. పిల్లల మీద ఎంత కన్ను వేసి ఉంచితే వారి గురించి అంత తెలుస్తుందని మనస్తత్వ శాస్త్రం కూడా చాలాకాలం నమ్మింది. స్వీడన్‌లో 14 ఏళ్ల పిల్లలను, వారి తల్లిదండ్రులను పరిశీలించిన హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ 2000లో ఆ నమ్మకాన్ని తిరగతోడారు. తల్లిదండ్రులకు తమ పిల్లల జీవితం గురించి తెలిసినదంతా ఎక్కడి నుంచి వచ్చిందని వారు అడిగారు. ఆరా తీయడం వల్లా, ఆంక్షల వల్లా తెలిసింది తక్కువ. పిల్లలు తమంతట తాము వచ్చి చెప్పడం వల్ల తెలిసిందే ఎక్కువ. పిల్లలు చక్కగా మెలగడానికి కూడా ఈ చెప్పుకోవడంతోనే గట్టి సంబంధం కనిపించింది. అంతకుముందు ‘పర్యవేక్షణ’ అన్న పేరుతో కొలుస్తూ వచ్చింది నిజానికి తల్లిదండ్రుల నిఘా కాదనీ, పిల్లల నమ్మకమనీ తేలింది. ఈ రంగంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన పరిశోధన ఇదే.

మీరు చేస్తున్న పనికి మరింత దగ్గరగా వచ్చే పరిశోధన నెదర్లాండ్స్‌లో జరిగింది. స్కైలర్ హాక్ బృందం అక్కడి కుటుంబాలను కొన్నేళ్లపాటు గమనించి 2013లో ఫలితాలు ప్రచురించింది. తల్లిదండ్రులు తమ ఏకాంతంలోకి చొరబడుతున్నారని భావించిన పిల్లలు ఆ తరువాత మరిన్ని విషయాలు దాచారు, దాంతో ఆ తల్లిదండ్రులకు తెలిసేది మరింత తగ్గింది. తెలుసుకోవాలని చేసిన పనే తెలియకుండా చేసిందన్నమాట.

కాబట్టి మానేయమనే చెబుతాను. మానడంతోపాటు, కష్టమైనా సరే, ఆ సంగతి అమ్మాయికి మీరే చెప్పండి. ఎప్పుడో తనంతట తాను కనిపెట్టడం కంటే మీ నోటి వెంట వినడం మేలు. ‘భయపడి చూశాను, అలా చూడకుండా ఉండాల్సింది, ఇక చూడను’ అంటే చాలు, సంజాయిషీలు అక్కర్లేదు. ఆమెకు కోపం వస్తుంది. రానివ్వండి. ఆ తరువాత ఆమె ఏదైనా చిన్న సంగతి చెప్పినప్పుడు మీరు దాన్ని ఎలా అందుకుంటారన్నది అన్నిటికంటే ముఖ్యం. బిడ్డ చెప్పిన మాట విని మండిపడటం, ఎగతాళి చేయడం, పాత తప్పులకు దాన్ని జతచేయడం వంటివి చేసే ఇళ్లలో పిల్లలు క్రమంగా చెప్పడం మానేస్తారని లారీ టిల్టన్-వీవర్, ఆమె సహచరులు 2010లో చూపించారు.

ఒక మినహాయింపు ఉంది. నిద్ర, తిండి, చదువు, స్నేహాలు ఒకేసారి చెడిపోతున్నా, బ్రతకాలని లేదన్న మాట వినిపించినా, శరీరంపై గాయాలు కనిపించినా, తెలియని పెద్దవాళ్లెవరో ఆమెతో మాట్లాడుతున్నారని అనుమానం వచ్చినా వేచి చూడకూడదు. అప్పుడు కూడా చాటుగా కాక, ఆమె ఎదుటే, ఎందుకు చూస్తున్నారో చెప్పి చూడండి. ఆ రోజే మానసిక వైద్యులనో కౌన్సెలర్‌నో కలవండి.

ప్రశ్న: సోషల్ మీడియా పిల్లల మెదడును పాడుచేస్తోందని ఒక రోజు చదువుతాను. అలాంటిదేమీ రుజువు కాలేదని మరో రోజు చదువుతాను. ఇద్దరూ పరిశోధకులే. నాకు 11 ఏళ్ల అమ్మాయి, 14 ఏళ్ల అబ్బాయి ఉన్నారు. ఎవరిని నమ్మాలి, ఎన్ని గంటలు అనుమతించాలి? (ఒక తండ్రి)

జవాబు: పరిశోధకుల మధ్య ఈ వివాదం నిజంగానే నడుస్తోంది. జీన్ ట్వెంగీ, జోనాథన్ హైట్ వంటివారు 2010 తరువాత కౌమార వయసు పిల్లల్లో పెరిగిన దిగులుకు స్మార్ట్‌ఫోన్లే ప్రధాన కారణమంటారు. క్యాండిస్ ఆడ్జర్స్ వంటివారు సాక్ష్యం అంత బరువును మోయలేదంటారు. 2019లో అమీ ఆర్బెన్, ఆండ్రూ ప్రిజిబిల్‌స్కీ అమెరికా, బ్రిటన్ సర్వేల్లోని 3,55,358 మంది పిల్లల సమాచారాన్ని విశ్లేషించి, పిల్లల మానసిక క్షేమంలో కనిపించే తేడాల్లో డిజిటల్ సాధనాల వాడకంతో ముడిపడినది గరిష్ఠంగా 0.4 శాతమేనని చెప్పారు. తగినంత నిద్రకు, ఉదయం మానకుండా తినడానికి అంతకంటే బలమైన సంబంధం కనిపించింది.

అయితే 0.4 శాతం అన్నది సగటు. సగటు మీ ఇంట్లో ఉండదు, మీ ఇంట్లో ఉన్నది ఇద్దరు పిల్లలు. ఇనె బేయెన్స్, ప్యాటీ వాల్కెన్‌బర్గ్ తదితరులు 2020లో 63 మంది పిల్లలను వారం రోజులపాటు, రోజుకు ఆరుసార్లు ప్రశ్నించారు. ఇతరుల పోస్టులు ఊరికే చూస్తూ గడిపాక 46 శాతం మందికి మనసు కాస్త తేలికపడింది, 44 శాతం మందికి మార్పేమీ లేదు, 10 శాతం మందికి బరువెక్కింది. చిన్న పరిశోధనే, అయినా ఈ మూడు గుంపులనూ కలిపి సగటు తీస్తే ఆ పదిమందిలో ఒకరి బాధ అంకెల్లో కరిగిపోతుందని స్పష్టంగా చూపింది. ‘హాని లేదు’ అన్న ముగింపును నేను పూర్తిగా ఒప్పుకోలేకపోవడానికి కారణం ఇదే.

మీ పిల్లల వయసుల వల్ల మరో పరిశోధన చెప్పాలి. 2022లో ఆర్బెన్, ఆమె సహచరులు బ్రిటన్ సమాచారంతో ప్రచురించిన దానిలో, ఒక ఏడాది సోషల్ మీడియా వాడకం పెరిగితే మరుసటి ఏడాది జీవితంపై సంతృప్తి తగ్గడమనేది అన్ని వయసుల్లో ఒకేలా కనిపించలేదు. అమ్మాయిల్లో 11 నుంచి 13 ఏళ్ల మధ్య, అబ్బాయిల్లో 14, 15 ఏళ్ల వయసులో, మళ్లీ ఇద్దరిలోనూ 19 ఏళ్లప్పుడు కనిపించింది. సంతృప్తి తగ్గిన పిల్లలు ఆ తరువాత వాడకం పెంచుకోవడం కూడా కనిపించింది. కాబట్టి ఏది ముందు, ఏది వెనక అన్న ప్రశ్న తెగలేదు. అయినా మీ పిల్లలిద్దరూ ఆ వయసుల్లోనే ఉన్నారు కనుక వచ్చే రెండేళ్లు కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టమని అడగడం అతి కాదనుకుంటాను.

గంటల లెక్క మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఎంతసేపు వాడామని మనుషులు చెప్పే లెక్క, ఫోను స్వయంగా నమోదు చేసిన లెక్క చాలాసార్లు సరిపోలవని 2021లో డగ్లస్ పారీ బృందం అనేక పరిశోధనలను కలిపి చూసి తేల్చింది. పైగా దూరాన ఉన్న స్నేహితుడితో గడిపిన గంట, తన రూపాన్ని ఇతరులతో పోల్చుకుంటూ గడిపిన గంట గడియారంలో ఒక్కటే. ఫోను పక్కన పెట్టిన తరువాత మీ అబ్బాయి ముఖం ఎలా ఉందో చూడండి. మీ అమ్మాయిని ‘ఈరోజు అందులో నీకు నచ్చిందేమిటి, బాధపెట్టిందేమిటి’ అని అడిగి, పూర్తయ్యే దాకా వినండి.

ఒక్క నియమం మాత్రం గట్టిగా పెట్టమంటాను: రాత్రి ఫోను పడక గదిలో ఉండకూడదు. కౌమారంలో శరీరపు గడియారమే ఆలస్యంగా జరుగుతుంది, నిద్ర వచ్చే వేళ సహజంగానే వెనక్కి పోతుంది. 13 నుంచి 18 ఏళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. బడి వేళ మారదు కాబట్టి, పడక మీది ఫోను తినేసే సమయమంతా ఆ నిద్రలోంచే పోతుంది.

ప్రశ్న: నాకు 16 ఏళ్లు. ఫోటో పెట్టాక గంటలో అనుకున్నన్ని లైకులు రాకపోతే తీసేస్తాను. స్నేహితురాళ్లు నన్ను పిలవకుండా కలుసుకున్న ఫోటో చూస్తే రోజంతా ఏమీ తోచదు. ఇది జబ్బా? ఇంట్లో చెబితే ఫోను లాక్కుంటారు. (ఒక విద్యార్థిని)

జవాబు: జబ్బు కాదమ్మా. నువ్వు రాసినది చదివితే నీ మెదడు నీ వయసుకు తగ్గట్టే పనిచేస్తోందని అర్థమవుతోంది.

2016లో లారెన్ షెర్మన్, మిరెల్లా డాప్రెట్టో తదితరులు 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు మెదడు స్కానర్‌లో ఉండగా ఫోటోలు చూపించారు. ఒకే ఫోటోను సగం మందికి చాలా లైకులతోనూ, మిగతా సగం మందికి కొద్ది లైకులతోనూ చూపించారు. ఆ అంకెలు పరిశోధకులు వేసినవే. అయినా ఎక్కువ లైకులున్న ఫోటోనే పిల్లలు ఎక్కువగా మెచ్చారు. తమ ఫోటోకు ఎక్కువ లైకులు కనిపించినప్పుడు మెదడులో ఆనందాన్నీ ప్రతిఫలాన్నీ గుర్తించే భాగాలు చురుకయ్యాయి. ఫోటో మారలేదు, పక్కన అంకె మాత్రమే మారింది. నువ్వు తీసేసిన ఫోటోల విషయంలో ఈ సంగతి ఒకసారి ఆలోచించు.

పిలవకపోవడం గురించి. కిప్లింగ్ విలియమ్స్ తయారుచేసిన ఒక కంప్యూటర్ ఆటలో ముగ్గురు బంతి విసురుకుంటారు, కాసేపటికి ఇద్దరు మూడోవారికి విసరడం మానేస్తారు. అంతే. అవతల ఆడుతున్నది మనుషులు కాదు, కంప్యూటరేనని ముందే చెప్పినా, ఆ కొద్ది నిమిషాల వెలివేతకు పెద్దవాళ్లు కూడా నొచ్చుకున్నారని 2004లో తేలింది. నిన్ను వదిలేసింది కంప్యూటర్ కాదు, రోజూ పక్కన కూర్చునే స్నేహితురాళ్లు. నొప్పి పుట్టడంలో వింతేమీ లేదు. వీలైతే వారిలో నీకు బాగా దగ్గరైన ఒకరిని నేరుగా అడుగు. ఫోటోలో కనబడేది ఆ సాయంత్రంలో ఒక్క క్షణమే. ఎవరు ఎందుకు రాలేదో, ఎవరిని పిలవడం మరిచారో అందులో ఉండదు.

ఇంట్లో చెప్పాలనే నా కోరిక. పై ఉత్తరాలు రాసిన పెద్దలు నీ చివరి వాక్యాన్ని తప్పక చదవాలి. చెబితే ఫోను పోతుందన్న భయంతో ఆగిపోతున్న పిల్లలకు ఏ మాట దొరికితే చెప్పగలుగుతారో, అదే మాట నీకు ఇస్తున్నాను: ‘ఒక విషయం చెప్పాలి, ఇప్పుడే ఏమీ చేయకండి, ముందు వినండి.’ దిగులు రెండు వారాలైనా తగ్గకపోతే, నిన్ను నువ్వు గాయపరచుకోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఇంట్లోనో బడిలోనో నమ్మకమున్న పెద్దవారికి ఆ రోజే చెప్పు.

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు మనవణ్ని ఫోను వదలమని కసురుతారు. కానీ వాడు ఏదో చెప్పడానికి వస్తే వాళ్లిద్దరూ తమ ఫోన్లలోంచి తల ఎత్తరు. నేను జోక్యం చేసుకోవచ్చా? (ఒక తాతగారు)

జవాబు: చేసుకోండి, అయితే మనవడి ఎదుట కాదు. మీరు గమనించినదాన్ని పరిశోధకులు కూడా గమనించారు. బ్రాండన్ మెక్‌డానియల్, జెనీ రాడెస్కీ చిన్నపిల్లలున్న కుటుంబాలను పరిశీలించి 2018లో చెప్పినదేమిటంటే, పిల్లలతో గడిపే వేళల్లో తల్లిదండ్రుల ఫోను అడ్డొచ్చే ఇళ్లలో పిల్లల పేచీలు, ముభావం ఎక్కువగా ఉన్నాయి. పిల్లల పేచీ భరించలేని తల్లిదండ్రులు మళ్లీ ఫోనులోకే తలదాచుకోవడం కూడా కనిపించింది. అంటే మీ అబ్బాయి, కోడలు కూడా అలసిపోయి ఉండవచ్చు. అందుకే తప్పు పట్టినట్టు కాక, మీరు చూసిన ఒక్క సంఘటననే చెప్పండి: ‘నిన్న వాడు ఆట గురించి చెప్పబోయి, మీరు చూడకపోయేసరికి వెనక్కి వెళ్లిపోయాడు.’ ఈలోగా వాడు ఆ ఆట గురించి మీకు చెప్పడానికి వస్తే, మీ చేతిలో పత్రిక ఉన్నా పక్కన పెట్టేయండి, ఈ పత్రికైనా సరే.