కందిరీగ కుట్టిన పిల్లలకి సున్నం రాయొచ్చా?

"మూడేళ్ల పాపకి చెంప మీద కందిరీగ కుట్టింది, పెద్దవాళ్లు సున్నం రాయమంటున్నారు, రాయొచ్చా?" అని అడిగారు. వద్దండీ. చెంప మీద అసలే వద్దు. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

రెండేళ్ల కిందట వేసవి సెలవులకి మా పుట్టింటికి, పామర్రు దగ్గర పల్లెకి వెళ్లాం. మావాడికి అప్పుడు నాలుగేళ్లు. పెరట్లో మెట్ల కిందకి దొర్లిన బంతి కోసం దూరి కందిరీగల గూడుని కెలికాడు. ఎడమ కంటికి రెండు వేళ్ల దిగువన కుట్టింది. కేక విని నేను వెళ్లేలోపే మా అమ్మ తాంబూలం పెట్టెలోంచి సున్నం తీసి చెంపకి దట్టంగా పట్టించేసింది. ఇదే పని మా అత్తగారు చేసుంటే ఏడాదిపాటు చెప్పుకునేదాన్ని. అమ్మ కాబట్టి నోరు మూసుకున్నాను.

ఏడుస్తున్న పిల్లాడు కన్నీళ్లు తుడుచుకోకుండా ఉంటాడా? తుడుచుకున్నాడు. అప్పటిదాకా రాగాలు తీస్తున్నవాడు ఒక్కసారిగా కీచుమని అరిచి కన్ను బిగించేశాడు. అమ్మ కొంగు తడిపి తుడవబోయింది. పక్కింటి బాబాయి పొలాల్లో మందు కొట్టే మనిషి, ఒకసారి ఆయన కంట్లోనే మందు పడిందట. వాణ్ని ఎత్తుకెళ్లి కుళాయి కింద తల పక్కకి వంచి పట్టుకున్నాడు. "రెప్ప తెరిచి పట్టుకోవే, నీళ్లు లోపలికి పోవాలి!" అని నా మీద అరిచాడు. కింది రెప్ప లాగితే లోపల ఆవగింజంత తెల్లటి ముద్ద. నీళ్ల ధారకే కొట్టుకుపోయింది. అయినా ఇరవై నిమిషాలదాకా కుళాయి కట్టనివ్వలేదు. నా చీర, వాడి చొక్కా, బాబాయి లుంగీ అన్నీ తడిసి ముద్దయ్యాయి.

విజయవాడలో కంటి డాక్టరు చివర నారింజ రంగున్న సన్నటి కాగితాన్ని కంటికి తాకించి, నీలం లైటు వేసి చూశారు. నల్లగుడ్డు పైపొర కాస్త దెబ్బతిందన్నారు. వెంటనే అంతసేపు కడిగారు కాబట్టి చుక్కల మందుతో పోతుందన్నారు, పోయింది. అప్పటికి కందిరీగ కుట్టిన చోట మిరియపు గింజంత గడ్డ మిగిలింది, అంతే.

సున్నం విషానికి విరుగుడు అంటారు. విషం చర్మం కిందకి దిగిపోయాక పైన సున్నం కొడితే ఏం లాభం, అదేమన్నా గోడా?

పాపని ముందు ఆ గూడుకి దూరంగా ఉంచండి. కందిరీగ ముల్లు వదలదు, ఒక్కటే ఎన్నిసార్లైనా కుడుతుంది. తేనెటీగకైతే ముల్లు చర్మంలోనే ఉండిపోతుంది, దానికున్న తిత్తి ఇంకా విషం ఎక్కిస్తూనే ఉంటుంది. వెంటనే గోరుతో లాగేయాలి. ఏటీఎం కార్డుతోనే గీకాలని వాట్సాప్‌లో చదివి పర్సు వెతుక్కుంటూ కూర్చోకండి. సబ్బుతో కడిగి, గుడ్డలో ఐసు చుట్టి పది నిమిషాలు పెట్టండి. మర్నాటికి వాపు పెరిగి కన్ను చిన్నదైనా, పాప హుషారుగా ఉంటే టెన్షన్ పడక్కర్లేదు. దురదకి సిరప్ డాక్టర్ని అడిగి, బరువుని బట్టి వెయ్యండి. మెడికల్ షాపు కుర్రాడు ఇచ్చే ట్యూబు మాత్రం మొహానికి రాయకండి. తామరకీ, దద్దుకీ, దోమకాటుకీ అన్నిటికీ అదే ట్యూబు తీసిస్తాడు, చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది.

ఒళ్లంతా దద్దుర్లు లేచినా, పెదాలు, నాలుక వాచినా, ఊపిరిలో పిల్లికూతలు వినిపించినా, వాంతులై మగతగా వాలిపోతున్నా ఇంకేమీ చూడకుండా 108కి ఫోన్ చెయ్యండి. అప్పుడు కావాల్సింది తొడకి వేసే అడ్రినలిన్ ఇంజెక్షన్, సిరప్ కాదు. నోట్లో, గొంతులో కుట్టినా వెంటనే 108కి ఫోన్ చెయ్యాల్సిందే.

మీరు అడగలేదు గానీ, తేలు సంగతి కూడా చెప్పాలి. మా ఊళ్లో ఇప్పటికీ తేలు మంత్రం వేసేవాళ్లున్నారు, చదువుకున్నవాళ్లే బండి మీద తీసుకెళ్తారు. మహారాష్ట్రలో మహాడ్ అనే చిన్న ఊళ్లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రాజోసిన్ అనే మామూలు బీపీ మాత్రతో ఎర్రతేలు కుట్టిన ఎంతోమందిని బతికించారు, 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ మాత్ర త్వరగా పడితేనే పని చేస్తుంది. పిల్లాడికి చెమటలు పడుతూ చేతులూ కాళ్లూ చల్లబడుతుంటే మంత్రగాడి అరుగు మీద కూర్చోబెట్టడం ఏమిటో నాకర్థం కాదు.

పాప గోళ్లు ఇవాళే కత్తిరించండి. రాత్రి నిద్రలో గీక్కుంటుంది, పుండైతే అదో కొత్త తలనొప్పి.