జానపదం అందరిదీ, రిఫ్ ఎవరిది?

ప్రశ్న: మా తాత శారద కథలు చెప్పేవారు. ఆయన నోట విన్న సర్వాయి పాపన్న కథలోని ఒక ఘట్టాన్ని మేం ఐదుగురు స్నేహితులం రాక్ పాటగా చేశాం. మొదట్లో వచ్చే గిటార్ రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న బాణీ), పాట నడక నేను కట్టినవే. రెండున్నరేళ్ల క్రితం యూట్యూబ్‌లో పెట్టినప్పుడు 'సంప్రదాయ గీతం, అరేంజ్‌మెంట్' (అంటే పాత పాటకు కొత్త కూర్పు) అని రాసి కీబోర్డు వాయించే మిత్రుడు తన పేరొక్కటే వేసుకున్నాడు. 'తర్వాత మారుద్దాంలే' అన్నాడు. పాట హిట్టయింది, ఒక సినిమా సంస్థ కొనుక్కుంది. డబ్బంతా అతనికే పోతోంది. ఈమధ్య అడిగితే 'నువ్వు వాయించావంతే' అంటున్నాడు. ఇది మా తాత ఆస్తి, తలచుకుంటే నిద్ర పట్టడం లేదు. పాట మొత్తం నా పేర కాపీరైట్ రిజిస్టర్ చేయించి, యూట్యూబ్‌లో పాట తీసేయించేలా స్ట్రైక్ కొట్టమని ఒకరు సలహా ఇచ్చారు. చేయమంటారా?
- ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: వద్దు. ఆ పని చేస్తే ఇప్పుడున్న న్యాయం కూడా మీ చేయి జారిపోతుంది.

ముందు తాతగారి సంగతి పక్కన పెట్టండి. పాపన్న కథాగేయాన్ని జె.ఎ. బాయిల్ 1874లోనే 'ఇండియన్ ఆంటిక్వెరీ' పత్రికలో ప్రచురించారు. తరతరాలుగా ఊరూరా పాడుతున్న కథ అది. దాని మీద మీ తాతగారికీ హక్కు లేదు, మీ మిత్రుడికీ లేదు. 'పాట మొత్తం నాది' అని రిజిస్టర్ చేయిస్తే కాపీరైట్ రిజిస్టర్‌లో తప్పుడు నమోదు చేయించినట్టే. కాపీరైట్ చట్టం సెక్షన్ 67 కింద దానికి ఏడాది దాకా జైలుశిక్ష పడవచ్చు. ఆధారం లేని హక్కుతో బెదిరిస్తే సెక్షన్ 60 కింద అవతలివాళ్లే మీ మీద దావా వేయవచ్చు.

మీ కేసును తేల్చేది ఒకే ఒక్క విషయం: జానపదానికి కొత్తగా చేర్చింది ఏమిటి, దాన్ని ఎవరు కట్టారు? తీసుకున్నది పాతదైనా అందులో కొంత సొంత సృజన ఉంటే రక్షణ ఉంటుందని 2007 డిసెంబరులో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరి వంతు ఎంతో విడదీయలేనట్టు కలిసి చేసిన పని ఉమ్మడి రచన అవుతుంది.

కానీ మీకు పెద్ద అడ్డంకి ఉంది. ప్రచురించిన ప్రతి మీద ఎవరి పేరుంటే, వేరుగా రుజువయ్యేదాకా వారినే కర్తగా భావించాలని సెక్షన్ 55(2) చెబుతోంది. అంటే రుజువు చేసే బరువు మీ నెత్తిన పడింది. ఇది కొత్త సంగతి కాదు. 'ది హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్' కూడా అమెరికా జానపదమే. 1937లో అలన్ లోమాక్స్ కెంటకీలోని మిడిల్స్‌బరోలో జార్జియా టర్నర్ అనే అమ్మాయి గొంతులో దాన్ని రికార్డు చేశారు. 1964లో 'ది యానిమల్స్' బృందం లండన్‌లో దాన్ని రాక్ పాటగా చేస్తే బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానానికి చేరింది. వినగానే గుర్తుపట్టే ఆ గిటార్ వాయించింది హిల్టన్ వాలంటైన్. రికార్డు లేబుల్ మీద అరేంజర్‌గా ఉన్నది మాత్రం కీబోర్డు వాయించిన అలన్ ప్రైస్ పేరొక్కటే. ఐదు పేర్లు పట్టవన్నారని బృందంలోని వారు తర్వాత చెప్పుకున్నారు. ఎక్కడైనా పేరు వేసే రోజున నోరు మెదపని మొహమాటమే మనిషిని ముంచుతుంది. మీరూ అదే చేశారు. 'తర్వాత మారుద్దాం' అన్నప్పుడు ఒక్క వాట్సాప్ సందేశం పెట్టి ఉంటే ఈ రోజు ఇంత గొడవ ఉండేది కాదు.

ఇప్పుడు గడువు. 1967 నాటి ఓ బ్రిటిష్ రాక్ పాటలో ఆర్గాన్ వాయించిన మాథ్యూ ఫిషర్ 2005లో దావా వేస్తే, 2009లో అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆయన వాటాను నిలబెట్టింది. అది చూసి మీరు తీరిగ్గా కూర్చోవద్దు. మన లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 58 ప్రకారం హక్కు ప్రకటించమని కోరే దావాకు, దావా వేసే హక్కు మొదటిసారి ఏర్పడిన నాటి నుంచి మూడేళ్లే గడువు. నష్టపరిహారానికి ఆర్టికల్ 88 కింద ఉల్లంఘన తేదీ నుంచి మూడేళ్లు. మీ మిత్రుడు మీ వాటా కాదన్న రోజు నుంచి లెక్కించాలని మనం వాదించవచ్చు. అప్‌లోడ్ చేసిన రోజు నుంచే అని వాళ్లు వాదిస్తారు. ఆ వాదన నెగ్గుతుందన్న భయంతోనే నడుచుకోండి. ఆ లెక్కన మీకు ఆరు నెలలే ఉన్నాయి.

రిహార్సల్స్‌లో ఫోన్‌తో తీసిన రికార్డింగులు, రిఫ్ మొదట పంపిన వాయిస్ మెసేజ్, స్టూడియో కంప్యూటర్లోని ప్రాజెక్టు ఫైళ్లు, స్టూడియో బిల్లు అన్నీ ఈ వారమే సేకరించండి. ఫోన్ మార్చవద్దు, ఫార్మాట్ చేయవద్దు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ధ్రువపత్రం (ఆ రికార్డు ఏ పరికరంలోంచి ఎలా తీశారో చెప్పేది) తప్పనిసరి. అది లేక మంచి కేసులు ఓడిపోతాయి. డ్రమ్మర్, బేస్ గిటారిస్టు, సౌండ్ ఇంజనీరు సాక్ష్యం చెబుతారేమో ఇప్పుడే అడగండి. తర్వాత వాళ్లకీ వాటా ఎర చూపే అవకాశం ఉంది. మీరు స్టూడియోలో గానీ, పంపిణీ సంస్థ వద్ద గానీ ఏ కాగితం మీదైనా సంతకం పెట్టారా? లేఖలో ఆ ఊసే లేదు. పెట్టి ఉంటే అది మీ లాయరు ముందుగా చదవాలి. హక్కు బదిలీకి రాతపూర్వక ఒప్పందం, సంతకం ఉండాలని సెక్షన్ 19 చెబుతోంది. మీరేమీ సంతకం చేయకపోతే మీ వాటా మీ దగ్గరే ఉంది.

ఇక మీ మిత్రుడికి, సినిమా సంస్థకు నోటీసు ఇవ్వండి. అందులో మూడే కోరండి: అరేంజ్‌మెంట్‌లో ఉమ్మడి కర్తగా మీ పేరు, వచ్చిన డబ్బు లెక్క, మీ వాటా. పాట తీసేయమని కోరవద్దు, ఆదాయం ఆగితే మీకూ నష్టమే. తేలకపోతే సెక్షన్ 62 కింద మీరు నివసించే చోటే దావా వేయవచ్చు. రాబోయే రాయల్టీ కోర్టులో జమ చేయాలని మధ్యంతర ఉత్తర్వు అడగండి. అలాంటి అత్యవసర ఉత్తర్వు కోరకపోతే కమర్షియల్ కోర్టుల చట్టం సెక్షన్ 12ఎ కింద ముందుగా మధ్యవర్తిత్వానికి వెళ్లాలి. ఆ కాలాన్ని గడువులోంచి మినహాయిస్తారు. నిజానికి మీ ఐదుగురికీ ఆ మధ్యవర్తిత్వమే మేలు. అక్కడ రాజీ కుదిరితే ఐదు పేర్లూ, ఎవరి శాతం ఎంతో రాయించి, అందరి సంతకాలూ తీసుకున్నాకే బయటికి రండి.