క్యాష్‌లోని ఫైలు కావాలంటే ముందు ఆ పేజీని మళ్లీ తెరవకండి

మొన్న ఒక వెబ్‌సైట్లో చూసిన ఫొటోను అక్కడి నుంచి తొలగించారని, బ్రౌజర్ క్యాష్‌లో (చూసిన పేజీల ఫైళ్లను బ్రౌజర్ మన కంప్యూటర్లో దాచిపెట్టుకునే చోటు) దాని ప్రతి మిగిలి ఉంటే ఎక్కడ వెతకాలని మీరు అడిగారు. ఇదే అవసరం ఒకసారి నాకూ పడింది కాబట్టి, ఫోల్డర్ ఎక్కడుందో చెప్పే ముందే ఒక మాట చెబుతాను: ఆ పేజీని మళ్లీ తెరవకండి, రిఫ్రెష్ అసలే చేయకండి. రిఫ్రెష్ చేస్తే బ్రౌజర్ మళ్లీ సర్వర్‌ను అడుగుతుంది. ఫైలు లేదని అక్కడి నుంచి జవాబు వస్తే మీ దగ్గరున్న పాత ప్రతి కూడా చెరిగిపోవచ్చు. బ్రౌజర్‌ను పూర్తిగా మూసివేసి, క్యాష్ ఫోల్డర్ మొత్తాన్ని వేరే చోటికి కాపీ చేసుకున్న తరువాతే వెతుకులాట మొదలుపెట్టాలి. మూసినప్పుడల్లా హిస్టరీ చెరిగిపోయేలా సెట్టింగ్ పెట్టుకున్నవారు మాత్రం మూయకముందే కాపీ చేసుకోవాలి.

నా విషయంలో పోయింది మా పెదనాన్నగారు స్వయంగా గీసిన వంశవృక్షం. అసలు కాగితం తడిసి పాడైపోగా, దాని స్కాన్‌ను మా బంధువు ఒకరు ఫొటోలు దాచుకునే ఒక సైట్లో పెట్టారు. ఆ సైటువారు పాత ఖాతాలను తొలగించినప్పుడు అదీ పోయింది. సహాయం కోసం ఫోన్ చేస్తే, అవతలి వ్యక్తి నా మాట పూర్తి కాకముందే క్యాష్ క్లియర్ చేసి మళ్లీ ప్రయత్నించమన్నారు. ప్రతి సమస్యకూ ఈ ఒక్క సలహానే ఇచ్చే అలవాటు మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆ రోజు ఆయన మాట విని ఉంటే మూడు తరాల పేర్లు నా చేతులతో నేనే చెరిపేసుకునేవాణ్ణి.

నేను వాడేది ఫైర్‌ఫాక్స్. విండోస్‌లో దాని క్యాష్, యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్‌లోని లోకల్ భాగంలో ఉంటుంది. చాలామంది రోమింగ్ భాగంలోని ప్రొఫైల్ తెరిచి, క్యాష్ లేదనుకుని వెనక్కి వస్తారు. అడ్రస్ బార్‌లో అబౌట్:ప్రొఫైల్స్ అని ఇంగ్లీషులో టైప్ చేస్తే రెండు దారులూ కనిపిస్తాయి. లోకల్ దారిలో క్యాష్2, అందులో ఎంట్రీస్ అనే ఫోల్డర్ ఉంటాయి. దాన్ని తెరిచినప్పుడు నాకు గుండె జారిపోయింది. వేల ఫైళ్లున్నాయి, ఒక్కదానికీ అర్థమయ్యే పేరు లేదు. అన్నీ అంకెలూ అక్షరాలూ కలిసిన నలభై గుర్తుల పేర్లే, చివర జేపెగ్ వంటి ఎక్స్‌టెన్షన్ కూడా లేదు.

అయితే ఫైర్‌ఫాక్స్ ఒక మేలు చేస్తుంది. ఫైలులో ముందు అసలు సమాచారాన్ని ఉంచి, అది ఏ వెబ్ చిరునామా నుంచి వచ్చిందో చివర రాసిపెడుతుంది. తేదీ ప్రకారం వరుస పెట్టుకుని, నేను ఆ స్కాన్ చూసిన రోజు ఫైళ్లను ఒక్కొక్కటే నోట్‌ప్యాడ్‌లో తెరిచి అట్టడుగుకు వెళ్లాను. పిచ్చి గీతల్లాంటి గుర్తులన్నీ దాటాక ఒకచోట ఆ సైటు పేరు స్పష్టంగా కనిపించింది. కాపీకి చివర జేపీజీ అని చేర్చి తెరిస్తే వంశవృక్షమే, కానీ గోరంత బొమ్మ. ఒక్క పేరూ చదవడానికి వీల్లేదు. సైట్లు అదే ఫొటోను చిన్నదిగానూ పెద్దదిగానూ రెండు ఫైళ్లుగా పంపుతుంటాయి. అదే రోజు ఫైళ్లను ఈసారి పరిమాణం ప్రకారం వరుస పెడితే, పైనుంచి నాలుగోది అసలు స్కాన్. పెదనాన్నగారు కొట్టేసి మళ్లీ రాసిన ఒక పేరు కూడా అందులో చదవగలిగాను.

మీరు క్రోమ్ వాడుతుంటే పని కొంచెం కష్టం. విండోస్‌లో దాని క్యాష్ యూజర్ డేటా కింద, డిఫాల్ట్ ప్రొఫైల్‌లోని క్యాష్ ఫోల్డర్‌లో ఉంటుంది. పెద్ద ఫైళ్లు ఎఫ్ అక్షరంతో మొదలయ్యే పేర్లతో విడిగా ఉంటాయి కానీ, వాటి చిరునామాలు వేరే డేటా ఫైళ్లలో ఉంటాయి. పూర్వం క్యాష్ జాబితా చూపే పేజీ క్రోమ్‌లోనే ఉండేది. 2018లో 66వ వెర్షన్‌తో దాన్ని తీసేశారు. నా దృష్టిలో అది వాడుకరులకు చేసిన అన్యాయం, ఎందుకంటే మన కంప్యూటర్లో మన డిస్క్ మీద ఉన్నదాన్ని మనకే కనబడకుండా చేశారు. ఇప్పుడు నిర్‌సాఫ్ట్ వారి క్రోమ్‌క్యాష్‌వ్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌కు మీరు కాపీ చేసుకున్న ఫోల్డర్‌ను చూపిస్తే, చిరునామాలతో సహా జాబితా ఇస్తుంది. కావలసిన ఫైలును సరైన పేరుతో బయటకు తీస్తుంది.

ఇన్‌కాగ్నిటోలో, అంటే హిస్టరీ మిగలని ప్రైవేట్ కిటికీలో చూసి ఉంటే మాత్రం ఆశ పెట్టుకోకండి. ఆ క్యాష్ మెమరీలోనే ఉండి, కిటికీలన్నీ మూయగానే పోతుంది. మామూలు కిటికీలోనే చూసి ఉంటే, కొత్త ఫైళ్లకు చోటివ్వడానికి బ్రౌజర్ పాతవాటిని తొలగించేలోపు, ఈ జవాబు చదవడం ఆపి ముందు ఆ ఫోల్డర్‌ను కాపీ చేసుకోండి.