పాఠకుల ప్రశ్నలు: డబ్బాలు తర్వాత, ముందు మనుషులు

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా అపార్ట్‌మెంట్‌లో నాలుగు తెలుగు కుటుంబాలవాళ్లం పిల్లలతో జియోక్యాషింగ్ మొదలుపెట్టాం, ఇప్పుడు పిల్లలకంటే మాకే పిచ్చి ఎక్కువైంది. ఊళ్లో ఈ సరదా ఉన్న తెలుగువాళ్లందర్నీ ఒక ఆదివారం కబ్బన్ పార్కుకి పిలిచి, డబ్బాలు దాచి వెతికించి పండగలా చేద్దామని ఆలోచన. మావారేమో "ఎవరైనా బాంబనుకుంటే స్టేషన్‌కి నువ్వెళ్తావా?" అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: మీవారు అడిగింది సబబే. పండగ మానుకోనక్కర్లేదు, కానీ డబ్బాలు కబ్బన్ పార్కులో వద్దు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒకరు ఎక్కడో చిన్న డబ్బా (ఆటలో దీన్నే క్యాష్ అంటారు, డబ్బు కాదు) దాచి దాని అక్షాంశ రేఖాంశాలు యాప్‌లో పెడతారు, మిగతావాళ్లు ఫోన్‌లో జీపీఎస్ చూసుకుంటూ వెతికి, లోపలి లాగ్‌బుక్‌లో పేరు రాసి, ఎక్కడిది అక్కడే పెట్టి వస్తారు. స్థలం ఎవరిదో వాళ్ల అనుమతి లేకుండా దాచకూడదన్నది ఆటలో గట్టి నియమం. కబ్బన్ పార్కు ఉద్యానవన శాఖ చేతిలో ఉంది, పైగా పక్కనే హైకోర్టు, విధానసౌధ. అక్కడ చెట్టు తొర్రలో టేపు చుట్టిన డబ్బా కనిపిస్తే వాచ్‌మన్ ఆట అనుకోడు, అనుకోకూడదు కూడా. మీ ఇంటి దగ్గరి హెచ్‌ఏఎల్ యుద్ధ విమానాల ఫ్యాక్టరీ వైపైతే అసలు చూడకండి.

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఈ ఆటలో మనుషులు కలుసుకోవడం కూడా ఒక రకం క్యాషే, ఈవెంట్ క్యాష్ అంటారు. డబ్బా ఉండదు, చెప్పిన చోటికి చెప్పిన టైముకి వచ్చి, తర్వాత యాప్‌లో హాజరైనట్టు రాసుకుంటే అదీ మన లెక్కలో చేరుతుంది. కనీసం రెండు వారాల ముందు జియోక్యాషింగ్ సైట్‌కి వివరాలు పంపాలి, అరగంటైనా జరగాలి, ఎవరొచ్చినా రానివ్వాలి. అంటే "తెలుగువాళ్లకే" అని రాస్తే కుదరదు. కన్నడవాళ్లొస్తారు, తమిళులొస్తారు, రానివ్వండి, పులిహోర కాస్త ఎక్కువ కలపండి. 500 మంది దాటితే మెగా, 5,000 దాటితే గిగా అని పేర్లున్నాయి గానీ, మీకు ఇరవై మంది వచ్చినా పెద్ద పండగే.

చోటు మీ క్లబ్‌హౌసే పెట్టుకోండి. బయటివాళ్లు వస్తారని అసోసియేషన్ సెక్రటరీకీ గేటు దగ్గర సెక్యూరిటీకీ ముందే రాతపూర్వకంగా చెప్పండి, లేకపోతే అతిథులు గేటు దగ్గరే ఆగిపోతారు, మీ పండగ అక్కడే అయిపోతుంది. పిల్లలు వెతుకులాట లేకపోతే ఊరుకోరు కాబట్టి ఆ ఒక్కరోజుకి కాంపౌండ్ లోపలే, లోపల ఏముందో బయటికి కనిపించే ప్లాస్టిక్ డబ్బాలు పెట్టి, పైన మీ ఫ్లాట్ నంబరు, ఇది ఆట అన్న మాట రాసి, సాయంత్రం లెక్కపెట్టి వెనక్కి తీసేయండి. తినేవి మాత్రం పెట్టొద్దు, పిల్లలకంటే ముందు చీమలు కనిపెడతాయి. బొమ్మలు, స్టిక్కర్లు చాలు, ఒకటి తీసుకున్నవాళ్లు అంతే విలువైనది పెట్టాలని చెప్పండి.

ఉదయం పూట లాల్‌బాగ్‌కి వెళ్లొచ్చినా బాగుంటుంది. అక్కడి బండరాయి వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు. ఎర్త్‌క్యాష్ అనే రకం ఇలాంటి చోట్ల కోసమే, డబ్బా లేకుండా రాయిని చూసి భూగర్భ శాస్త్రం మీద అడిగిన ప్రశ్నలకి జవాబు రాయాలి. బెంగళూరుకి ఇంతకంటే నప్పే రకం నాకు కనిపించదు.

ప్రశ్న: ఫోన్ చోటికి వచ్చేశామంటుంది, డబ్బా కనిపించదు, మా అబ్బాయి ఏడుపు. ఫోన్ పాడైందా?
– ఒక తండ్రి, వైట్‌ఫీల్డ్

జవాబు: ఫోన్ బాగానే ఉంది. అది చోటు దగ్గరికి చేరుస్తుంది, చేతిలో పెట్టదు. ఆకాశం బాగా కనిపించే చోట కూడా ఐదు మీటర్లు అటూ ఇటూ ఉంటుంది, చెట్ల కిందా పెద్ద బిల్డింగుల మధ్యా ఇంకా ఎక్కువ. అమెరికా ప్రభుత్వం జీపీఎస్‌లో కావాలని కలిపిన తేడాని 2000 మే 2న తీసేసింది, అంతకుముందైతే వంద మీటర్ల దాకా తప్పు చూపేది. ఆ మర్నాడే ఆరెగాన్‌లో ఒకాయన బకెట్ దాచి ఈ ఆటకి శ్రీకారం చుట్టాడు. కాబట్టి దగ్గరికెళ్లాక ఫోన్ జేబులో పెట్టి, కావాలని పేర్చినట్టున్న రాళ్లు, మామూలుగా ఉండని చోట కొమ్మలు ఉన్నాయేమో చూడమనండి. అయినా దొరకలేదంటే యాప్‌లో దొరకలేదనే రాయండి. దాచినవాళ్లకి డబ్బా పోయిందేమో చూసుకోవాలని అలాగే తెలుస్తుంది.

ప్రశ్న: అమెరికా నుంచి మా మరిది కొండల్లో వాడే శాటిలైట్ మెసేజ్ పరికరం తెస్తానంటున్నాడు. నందిహిల్స్‌లో పనికొస్తుందట.
– ఒక పాఠకురాలు, కేఆర్ పురం

జవాబు: వద్దని ఈ రాత్రికే ఫోన్ చేయండి. అలాంటివి మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా వాడకూడదు, విమానాశ్రయంలో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్నవాళ్లున్నారు. నందిహిల్స్‌కి మామూలు ఫోన్, ముందే డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాప్, పవర్ బ్యాంక్ సరిపోతాయి. ఏదో ఒకటి తేవాలని ఉంటే రెండు ట్రావెల్ బగ్‌లు తెమ్మనండి, నంబరు చెక్కిన చిన్న బిళ్లలు, ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకి చేతులు మారుతూ తిరుగుతుంటే ఎక్కడున్నాయో యాప్‌లో చూసుకోవచ్చు.